ప్రధానపు ఉంగరం

"ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండని అయ్యగారు అడగడం రివాజు. లేచి చెప్పడం రివాజు కాదు!"

ఎలీయాజరు కోటు విప్పి కుర్చీ మీదకు విసిరాడు. కొరాపుట్ కలెక్టరు కచేరీలో హెడ్ క్లర్కుగా రిటైరయినా ఆదివారం కోటు మాత్రం మానలేదు.

"నాకు ఊహ తెలిసిన కాణ్ణించి ప్రకటనలు వింటన్నాను. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు లేచింది లేదు. ఇయాల, మన ప్రకటనకే లేవాలేటి?"

అతని చెల్లెలు దేవమణి గుమ్మంలోనే నిలబడిపోయింది. పాటల పుస్తకంలో పెట్టిన వేలు ఇంకా అలాగే ఉంది. గుడి నుంచి ఇంటికి ఎలా నడిచి వచ్చిందో ఆమెకు తెలియదు.

మూడో ప్రకటన. ఇదే ఆఖరుది. "మన సంఘస్థురాలు దేవకుమారికిని, జర్మనీ దేశస్థుడు డీటర్‌కును జరుగబోవు వివాహమునకు అభ్యంతరము గలవారు ఇప్పుడే తెలుపవలెను" అని పాదిరీ అమృతరావు అయ్యగారు చదివారు. అలవాటుగా ఒక్క క్షణం ఆగి, కాగితం మడవబోయారు. ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో మార్తమ్మ లేచింది. కుడికంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది. విజయనగరంలో శుక్లం తీయించుకుని, గడువు కాకుండానే నిన్న సాయంత్రం రైలు దిగిన మనిషి.

"నాకున్నాది అయ్యగారూ. ఆ అమ్మి నా కోడలు. ఈ గుళ్ళోనే, మీ సేతుల మీదే నా కొడుక్కి ప్రధానం అయింది. ఆ ముడి ఇప్పకుండా ఇంకోడికి ఎలగ కడతారు?"

గుడి అంతా వెనక్కి తిరిగింది.

పుష్పకుమారి చెప్పులు విడిచి, తల్లి భుజం పట్టుకుని లోపలికి నడిపించింది. దేవమణి రెండో కూతురు ఆమె. రాయగడలోనే బడిలో టీచరు.

"కూర్చో అమ్మా. నిలబడితే ఏటవుతాది?"

"మీ అత్త నాకేసి సూడలేదే" అంది దేవమణి. "గుడి మెట్ల కాడ ఎదురెల్లేను. ఒదినా అన్నాను. నానక్కడ లేనట్టే ఎలిపోయింది."

"చూడ్డానికి ఉన్నది ఒక కన్నే కదా పాపం."

"నోర్ముయ్యి. ఎవర్ని పట్టుకుని మాటాడతన్నావు?"

పుష్ప తల్లి పక్కనే నిలబడింది. ఆమెకూ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అయ్యగారి సర్టిఫికెట్ సంగతేటి మావయ్యా?" అంది ఎలీయాజరు వైపు తిరిగి.

"ఏటుంది? ఇవ్వరు. సంతకానికి కలం తీసి బల్ల మీద పెట్టుకున్న మనిషి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు."

ఆ ఒక్క కాగితం కోసం ఎలీయాజరు చలికాలం నుంచి తిరుగుతున్నాడు. దేవమణి పెద్దకూతురు దేవకుమారి జర్మనీలో నర్సు. డీటర్ ఆమె ఉండే ఊళ్ళో బస్సు నడుపుతాడు. అక్కడ పెళ్ళి రిజిస్టరు కావాలంటే, ఈ పిల్లకు సొంత దేశంలో పెళ్ళి కాలేదని సొంత సర్కారు రాసివ్వాలట. అలాంటి కాగితం ఇక్కడ ఏ సర్కారూ ఇవ్వదు. కొరాపుట్‌లో, ఒకప్పుడు తన కింద పనిచేసిన గుమాస్తాయే ఎలీయాజరును చూసి నవ్వాడు. "పెళ్ళయితే అయిందని ఇస్తాం సార్. అవనిదానికి రిజిస్టరెక్కడిది?" అన్నాడు. పై బల్లకు వెళితే 'కాలి ఆసొ', రేపు రండి. ఆ రేపు వెళితే మళ్ళీ 'కాలి ఆసొ'.

ఆఖరికి మేజిస్ట్రేటే ఒక దారి చూపించాడు. సంఘంలో మూడుసార్లు ప్రకటన చదివించి, అభ్యంతరం రాలేదని పాదిరీ రాసివ్వాలి. తల్లి వచ్చి బైబిలు మీద ప్రమాణం చెయ్యాలి. అప్పుడు తను ముద్ర వేస్తాడు. ఆ ముద్ర మీద కలకత్తాలో జర్మనీ వాళ్ళు ఇంకో ముద్ర వేస్తారు. అదంతా వాళ్ళ భాషలోకి తిరగరాయించి పంపితే, అప్పుడు పెళ్ళికి తేదీ ఇస్తారు.

జూన్‌తో దేవకుమారి ఆసుపత్రి ఒప్పందం అయిపోతుంది. ఆలోగా పెళ్ళి కాకపోతే ఆమెను ఆ దేశంలో ఉండనివ్వరు. మార్చి సగం గడిచిపోయింది.

"రేపు తెల్లారి బస్సుకి కొరాపుట్ పోదాం" అన్నాడు ఎలీయాజరు, గొంతు తగ్గించి. "ప్రధానం గిధానం మేజిస్ట్రేటుకి తెలీదు. దసమంతపూర్‌లో మనకి తెలిసిన పాదిరీ ఒకాయన ఉన్నాడు. నా మాట కాదనడు. ఆయన రాసిస్తాడు. నువ్వు ప్రమాణం చేసేయ్."

"బైబిలు మీద సెయ్యేసి ఏటి సెప్పమంటావు?"

"నీ కూతురికి పెళ్ళవలేదని. అబద్ధమా?"

"ఎవరికీ మాట కట్టుబడి లేదని కూడా ఉన్నాది ఆ కాగితంలో. నాను సదివేను."

ఎలీయాజరు ఆమె వైపు తిరిగాడు. పోయిన ఏడాది వరకూ చెల్లెలు ఏ కాగితం ఇచ్చినా వేలిముద్ర వేసి ఇచ్చేసేది.

"ఈ వయసులో నీకు అక్షరాలు నేర్పినోళ్ళని అనాలి."

"నేనే నేర్పేను మావయ్యా, ఏటి అంటావో అను" అంది పుష్ప.

దేవమణి పాటల పుస్తకం కిటికీలో పెట్టి, అన్నగారి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అన్నయ్యా, ఒకటడుగుతాను. ప్రకటనలు ఈ నెల్లోనే ఎందుకు సదివించేవు?"

"కలకత్తాలో ఆలస్యం అవుతాదని..."

"ఒదిన రైలెక్కిన మర్నాడే అయ్యగారి కాడికి ఎల్లేవు."

ఎలీయాజరు కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"అవును, వెళ్ళేను. డాక్టరు నెల్రోజులుండమన్నాడని తెలిసే వెళ్ళేను. ఆవిడ వచ్చేసరికి మూడూ అయిపోతే, ఆనక ఏడ్చినా తిట్టినా కాగితం మన చేతిలో ఉంటాదని. నా స్వార్థమా? నీ కూతురి కోసం కాదేటి?"

"నాకెందుకు సెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకుందువా?"

ఒప్పుకుని ఉండేది కాదని దేవమణికి తెలుసు. భర్త పోయిన ఏడు, ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ఎక్కడికి పోవాలో తెలియక నిలబడినప్పుడు, తలుపు తీసింది ఈ ఆడపడుచే. తను మిషను హాస్టల్లో వంటకు కుదిరి నిలదొక్కుకునే దాకా, పిల్లలు మార్తమ్మ ఇంట్లోనే పెరిగారు. కంచాలు వేస్తే ముందు మేనకోడళ్ళకు, ఆ తర్వాతే కొడుక్కు వడ్డించేది. అలాంటి మనిషి కళ్ళకు గుడ్డ కట్టించుకుని పడుకున్నప్పుడు, ఇక్కడ తాము...

"ఆరేళ్ళయింది" అంది పుష్ప హఠాత్తుగా. "ప్రధానమైన రెణ్ణెల్లకే అక్క జర్మనీ వెళ్ళింది. బావ దానికి ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. అదీ రాయలేదు. అదే ఇప్పుకోవడం కాదేటి? ఇంకా ఏటి ఇప్పాలి?"

ఆ ప్రశ్నకు జవాబు మధ్యాహ్నం అమృతరావు అయ్యగారే నడిచి వచ్చి చెప్పారు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. గ్లాసు పట్టుకునే కూర్చున్నారు.

"తప్పు నాది కూడా ఉందమ్మా. మీరు మరిచారు, మీతో పాటు నేనూ మరిచాను. కానీ ప్రధానమంటే సగం పెళ్ళి. యోసేపంతటివాడు ప్రధానం మాత్రమే అయిన మరియమ్మను విడిచిపెట్టాలా అని మథనపడ్డాడంటే, అప్పటికే ముడి పడిందనే కదా? మన సంఘంలో ఆ ముడి విప్పడానికి ఒకటే పద్ధతి. మార్చుకున్న ఉంగరాలు రెండూ తిరిగి నా బల్ల మీదకు రావాలి. మార్తమ్మ కొడుకు రత్నకుమార్ వచ్చి, నాకు అభ్యంతరం లేదని పెద్దల ఎదుట నోటితో అనాలి. వచ్చే ఆదివారం లోపల అదయితే, నేను ఆ క్షణమే సంతకం చేస్తాను."

"అవకపోతే?" అన్నాడు ఎలీయాజరు.

"అభ్యంతరం వచ్చిందని రాసివ్వాల్సి వస్తుంది. అడిగితే అదే రాస్తాను."

ఆయన వెళ్ళిపోయాక దేవమణి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, గుడ్డ మూట తీసింది. దేవకుమారి ఉంగరం అందులో ఉంది. జర్మనీ వెళ్ళే ముందు తీసి తల్లి చేతిలో పెట్టింది. వార్డులో ఉంగరాలు పెట్టుకోనివ్వరంది. అప్పుడు ఆ మాట నిజమేననుకుంది దేవమణి.

రెండోది రత్నకుమార్ వేలికి ఉండాలి. దాన్ని చేయించింది తనే. అప్పటికి ఇంట్లో ఉన్న బంగారం అంతా తన మెళ్ళోంచి తీసిన పుస్తెలే. కంసాలి ఎదురుగా కూర్చుని, అవి కరిగే దాకా కళ్ళు తిప్పుకోకుండా చూసింది. కరగక మిగిలిన చిన్న ముక్క మీద శిలువ గుర్తు ఉండిపోతే, దాన్ని అలాగే ఉంగరం పైన అతికించమంది.

*

సోమవారం గుడారి బస్సులో పసుపు బస్తాలు, మేకలు, మనుషులు ఒకటిగా కూరుకుని ఉన్నాయి. పుష్ప బడికి సెలవు పెట్టి తల్లితో వచ్చింది. రత్నకుమార్ గుడారిలో మిషను బడి మాస్టారు. క్రిస్మసుకు తప్ప ఇంటికి రాడు. పెళ్ళి మాట ఎత్తితే 'చూద్దాంలే అమ్మా' అంటాడని మార్తమ్మ చెప్పుకునేది. ఆ 'చూద్దాంలే' ను నమ్ముకునే ఆమె ఇత్తడి బిందెలు కొని, పక్కగదికి సున్నం వేయించి పెట్టుకుంది.

"బావ ఒప్పుకుంటాడు" అంది పుష్ప. "బావకి ఎవరినీ కాదనడం రాదు."

"అదే నా భయం" అంది దేవమణి. "ఆళ్ళమ్మని కూడా కాదన్లేడు."

బడిలో అడిగితే, మాస్టారు భోజనానికి ఇంటికెళ్ళారన్నారు. ఇల్లు ఊరి చివర, వంశధారకు దిగే దారిలో ఉంది. వాకిట్లో ఒక అమ్మాయి కాళ్ళు చాపుకుని, కత్తిపీట ముందు చింతకాయల పిక్క తీస్తోంది. నిండు చూలాలు. వీళ్ళను చూసి లేవబోయి, నడుం పట్టుకుని మళ్ళీ కూలబడింది.

"ఎవరమ్మా? మాస్టారి కోసమా? ఏటికి తానానికి ఎల్లేరు. కూకోండి."

"పనిమనిషిని పెట్టుకున్నాడు బావ. దర్జాగా ఉన్నాడే" అంది పుష్ప చెవిలో.

అమ్మాయి ఈసారి లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి దేవమణికి అందించింది. దేవమణి చెంబు అందుకుంది. ఆ అమ్మాయి వేలు చూసింది.

చెంబు రాతి మీద పడి, దొర్లుకుంటూ చింతపిక్కల్లోకి పోయింది.

"అమ్మా! ఏటయింది?" అంది పుష్ప.

దేవమణి ఆ చెయ్యి పట్టుకుంది. వదల్లేదు. ఉబ్బిన వేలు. కండలోకి దిగిపోయిన ఉంగరం. పైన గోరంత శిలువ.

"ఇది నీకెక్కడిది అమ్మి?"

"మాయన ఎట్టేరు" అంది అమ్మాయి బెదిరిపోయి. "పెల్లిలో."

అప్పుడే తడి తువ్వాలు భుజాన వేసుకుని రత్నకుమార్ పెరటి దారిన వచ్చాడు. ముందు పుష్పను చూసి నవ్వబోయాడు. ఆ తర్వాత అత్తను, అత్త చేతిలో ఉన్న చేతిని చూశాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"అత్తా..."

"ఎవర్రా ఇది?"

"బుల్లి. అసిరయ్య గారమ్మాయి. సంతలో పసుపు కొంటారు, ఆయన." బుల్లి వైపు చూశాడు. "నా భార్య."

కాకి ఒకటి వచ్చి చింతకాయల మీద వాలితే, తోలేవాళ్ళు లేరు.

"ఎన్నాళ్ళయింది?" అంది పుష్ప.

"రెండేళ్ళు. ఆళ్ళింట్లోనే దండలు మార్చుకున్నాం."

"భలేవాడివి బావా. అక్క అక్కడ ఒక ముద్ర కోసం రెండు దేశాల కచేరీలు పట్టుకుని ఏడుస్తోంది. నువ్వు ఇక్కడ ఒక్క ముద్రా లేకుండా కాపురం పెట్టేసేవు."

"అమ్మకి తెలిస్తే బతకదు పుష్పా. సంఘానికి తెలిస్తే ఉద్యోగం తీసేస్తారు. సరైన టైము చూసి చెబ్దామని..."

"నిన్న మీ అమ్మ గుళ్ళో లెగిసి నిలబడింది" అంది దేవమణి. "నా కూతురు నీ పెళ్ళామని. జర్మనీ కాగితం ఆగిపోయింది. నువ్వొచ్చి ఇప్పితే గాని అయ్యగారు సంతకం పెట్టరు. ఆ ఉంగరం కూడా బల్ల మీద ఎట్టాలి. జూన్ దాటితే అక్కడ నా కూతుర్ని గెంటేస్తారు నాయనా."

రత్నకుమార్ అరుగు మీద కూర్చున్నాడు. తువ్వాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేనొస్తే అడుగుతారు కదా అత్తా, ఎందుకు వదులుకుంటున్నావని. అమ్మే అడుగుతాది. అప్పుడేటి చెప్పను?" తువ్వాలు పిండి పక్కన పెట్టాడు. "ఉంగరం పంపుతాను. ఒప్పుకున్నానని రాసిస్తాను. నాకు జ్వరంగా ఉందని చెప్పండి."

దేవమణికి ఒక్క క్షణం అది చాలుననిపించింది. ఉంగరం, రాత. ఎవరి కొంపా కూలదు. తన కూతురి పెళ్ళి అయిపోతుంది. ఆ ఒక్క క్షణం ఆమె అన్నగారిలాగే ఆలోచించింది.

"సరే, తియ్యి" అంది.

తీయబోయారు. ముందు సబ్బు రాశారు. రాలేదు. నూనె రాశారు. పుష్ప వేలికి దారం చుట్టి లాగింది. బుల్లి పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది గాని అరవలేదు.

"మొదట్లో వదులుగా ఉందని దారం సుట్టి ఎట్టుకున్నాను" అంది. "నీరు పట్టేక దారం తీసేసేను. అయినా పట్టేసింది."

"కంసాలి దగ్గరికి వెళ్ళి కోయిద్దాం. ఒక్క నిమిషం పని" అన్నాడు రత్నకుమార్.

బుల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉండండి. ఈ ఉంగరం మీ అమ్మగారు మీ పెల్లికని దాసేరని అన్నారు మీరు. ఇప్పుడీ అమ్మగారొచ్చి తనదంటన్నారు. ఏటిది?"

రత్నకుమార్ నూనె గిన్నె తీసి పక్కన పెట్టాడు.

"మీకు ఇంతకు ముందే ఎవరితోనో మాటయిందా?"

పుష్ప గోడ వైపు తిరిగిపోయింది. అంతవరకూ బావను దెప్పడమే తోచిన ఆమెకు, ఈ అమ్మాయికి ఏమీ తెలియదని ఇప్పుడే తట్టింది.

బుల్లి మెల్లగా దేవమణి ముందు కూర్చుంది. వేలు ఎర్రగా కమిలిపోయింది.

"మీరు సెప్పండమ్మా. ఇది ఎవరిది?"

"నాదేనమ్మి" అంది దేవమణి. "నా పుస్తెలు కరిగించి సేయించేను. నా పెద్దకూతుర్ని ఇతనికి ఇద్దామని."

బుల్లి ఆ ఉంగరం వైపు చాలాసేపు చూసింది. కోపం వస్తుందని, ఏడుస్తుందని దేవమణి ఎదురుచూసింది. ఆ అమ్మాయి చింతపండు బుట్ట మీద గుడ్డ కప్పి, కత్తిపీట మడిచి గోడకు ఆనించింది.

"పుస్తెలు కోయించకూడదు" అంది. "రేపు నాను మీతో వస్తాను."

"ఏటి?" రత్నకుమార్ లేచాడు.

"ఏలు ఇడిసి ఉంగరం రాదు కదా. బల్ల మీద ఎట్టాలంటే నా సెయ్యే ఎడతాను."

"ఈ స్థితిలో బస్సులోనా? నీకు మతిపోయిందా? నా ఉద్యోగం..."

"మీకు జొరం కదండీ" అంది బుల్లి. "మీరు పడుకోండి."

*

మర్నాడు బస్సు రాయగడ చేరేసరికి ఎండ చల్లబడింది. దారి పొడవునా బుల్లి గతుకు వచ్చినప్పుడల్లా దేవమణి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నప్పుడల్లా ఉంగరం దేవమణి అరచేతికి ఒత్తుకుంది.

ఆదివారం దాకా ఈ అమ్మాయిని ఎక్కడ ఉంచాలి? వదినకు ఎవరు చెప్పాలి? ముందు చెప్పాలా, గుళ్ళోనే తెలియనివ్వాలా? తన కూతురి కాగితం కోసం వదిన కొడుకును సంఘం ముందు నిలబెట్టబోతోంది తను. ఆపాలంటే ఇప్పుడే ఆపాలి. ఆపితే దేవకుమారి పెళ్ళి ఆగిపోతుంది. దేవమణి ఎటూ తేల్చుకోకముందే బస్సు ఆగింది.

"అమ్మా" అంది పుష్ప కిటికీలోంచి చూస్తూ. "అత్త."

టీ కొట్టు పక్కన, కంటి మీద ఆకుపచ్చ గుడ్డతో మార్తమ్మ నిలబడి ఉంది. దేవమణి గుడారి వెళ్ళిందని ఎవరో చెప్పి ఉంటారు. కొడుకు వస్తాడని వచ్చింది. ఉతికిన తెల్ల చీర కట్టుకుంది.

ముందు పుష్ప దిగింది. తర్వాత దేవమణి దిగి, వెనక్కి తిరిగి చెయ్యి అందించింది. బుల్లి ఆ చెయ్యి పట్టుకుని, పొట్ట మీద ఇంకో చెయ్యి వేసుకుని, ఒక్కొక్క మెట్టూ దిగింది.

"నా కొడుకేడీ?" అంది మార్తమ్మ.

దేవమణి బుల్లి చెయ్యి వదల్లేదు.

మార్తమ్మ చూపు బస్సు తలుపు దగ్గర్నుంచి ఈ కొత్త మనిషి మీదకు వచ్చింది. మొహం చూసింది. పొట్ట చూసింది. వేళ్ళతో ఆకుపచ్చ గుడ్డ పైకెత్తి, ఎర్రగా నీరు కారుతున్న కొత్త కంటితో, దేవమణి చేతిని పట్టుకుని ఉన్న ఆ చేతిని చూసింది. కొడుకు వేలికి ఆ ఉంగరం తొడిగినప్పుడు అందరికంటే దగ్గరగా నిలబడింది ఆమే.

గుడ్డ మళ్ళీ కంటి మీదకు జారింది. కండక్టరు పైనుంచి బస్తాలు దించుతూ, తప్పుకోండి తప్పుకోండి అని అరుస్తున్నాడు. ఎవరూ తప్పుకోలేదు.

"ఎన్నో నెల?" అంది మార్తమ్మ.

"ఎనిమిది నిండతన్నాయండి" అంది బుల్లి.

మార్తమ్మ దేవమణి వైపు తిరిగింది. ఆదివారం తర్వాత ఆమె మొహంలోకి చూడడం అదే మొదలు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్ననే ఒదినా. ఒట్టు. బైబిలు తే, సెయ్యేస్తాను."

"బైబిలు మీద సెయ్యెయ్యడానికి నువ్వు కొరాపుట్ ఎల్లాలి కదా."

దేవమణి తల దించుకుంది.

"నా కళ్ళకి గుడ్డ కట్టినాక మీరందరూ నాకు అన్నీ సూపిస్తన్నారు" అంది మార్తమ్మ. పెద్దగా అనలేదు. ఆ తర్వాత వంగి, బుల్లి కాళ్ళ దగ్గరున్న సంచీ తీసి తన చంకలో పెట్టుకుంది. "నడు."

బుల్లి దేవమణి వైపు చూసింది. దేవమణి వేళ్ళు వదిలింది. బుల్లి నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆ తెల్ల చీర వెనక నడిచింది.

"అమ్మా, ఎక్కడికి తీసుకెళ్తోంది?" అంది పుష్ప. "వెళ్ళి ఆపు."

వాళ్ళు స్టేషను వీధిలోకి తిరిగారు. ఆ వీధిలో ముందు అయ్యగారి ఇల్లు వస్తుంది. దానికి రెండిళ్ళ అవతల మార్తమ్మ ఇల్లు. సున్నం వేయించి తాళం పెట్టిన గది ఆ ఇంట్లోనే ఉంది. అయ్యగారి దగ్గర ఆగితే అభ్యంతరం వెనక్కి తీసుకుంటుందో, కొడుకు మీదే ఫిర్యాదు పెడుతుందో తెలియదు. ఆగకుండా ఇంటికి పోయి తలుపేసుకుంటే, ఆ ఉంగరం ఇక బల్ల మీదకు రాదు.

దేవమణి మలుపు దాకా పరుగులాంటి నడకతో వచ్చి, అక్కడే ఆగిపోయింది.

అయ్యగారి గేటు ముందు మార్తమ్మ నిలబడి ఉంది, ఆమె వెనక బుల్లి. సంచీ ఇంకా చంకలోనే ఉంది. గేటు గడియ మీద చెయ్యి వేసింది.

గడియ తీయలేదు. చెయ్యి కూడా తీయలేదు.